సంస్థలు కలిసినప్పుడు పింఛను ఎవరి పద్దు? పుదుచ్చేరి నేపథ్యంలో ఒక సమీక్ష

రెండు పురపాలక సంఘాలు కలిసి ఒక నగరపాలక సంస్థ అయినా, ప్రభుత్వ శాఖ ఒకటి కంపెనీగా మారినా, ఒక సంస్థ చేస్తున్న పనిని మరొక సంస్థకు అప్పగించినా, అప్పటిదాకా అక్కడ పనిచేసినవారి జీతం ఎవరివ్వాలన్న విషయం సాధారణంగా మొదటి నెలలోనే తేలిపోతుంది గానీ, వారి పింఛను ఎవరివ్వాలన్న విషయం ఏళ్ల తరబడి తేలకుండా ఉండిపోతుంది. పని చేయించుకునేవారికి ఆ పని ఇవాళే కావాలి కనుక జీతం ఆగదు. పింఛను గతంలో చేసిన పనికి రావలసిన ప్రతిఫలం కనుక, దానిని బాకీపడ్డ సంస్థ చట్టం దృష్టిలో అంతరించిపోతే వారసత్వ బాధ్యత ఎవరిదన్న వాదం మొదలవుతుంది. ఈ వాదం పుదుచ్చేరికి కొత్తది కాదు. ఫ్రెంచి పాలన నుంచి భారతదేశానికి అధికారం బదిలీ అయిన నాటి నుంచి, ఇటీవలి విద్యుత్ శాఖ ప్రైవేటీకరణ వివాదం వరకు, పుదుచ్చేరిలో ప్రతి సంస్థాగత మార్పు వెంబడీ పింఛను ప్రశ్న వచ్చింది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై, గోదావరి పాయ ఒడ్డున తెలుగు నేల నడుమ ఉన్న యానాం పురపాలక సంఘ ఉద్యోగులకు కూడా ఇదే నియమావళి వర్తిస్తుంది కాబట్టి, తెలుగు పాఠకులకు ఇది పరాయి ఊరి సంగతి కాదు.

చర్చలోకి వెళ్లేముందు రెండు మాటలకు అర్థం చెప్పుకోవాలి. ఉద్యోగి చివరి జీతాన్ని, సర్వీసు కాలాన్ని బట్టి ముందే ఖాయమైన మొత్తాన్ని ప్రభుత్వం తన బడ్జెట్టు నుంచి జీవితాంతం చెల్లించే పద్ధతిని వాడుకలో పాత పింఛను అంటున్నారు. ఉద్యోగి, యజమాని నెలనెలా కొంత సొమ్ము జమచేసి, ఆ నిధి మార్కెట్టులో ఎంత పెరిగితే దానిని బట్టి పింఛను నిర్ణయమయ్యే పద్ధతి వంతు పింఛను. కేంద్రంలో 2004 జనవరి 1 తరువాత చేరినవారికి జాతీయ పింఛను పథకం పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి సీపీఎస్ పేరుతో ఇదే అమలైంది. సంస్థల విలీనం ఈ రెండు రకాల ఉద్యోగులను ఒకే విధంగా తాకదు. రెండో రకంవారి సొమ్ము విడి ఖాతాలో ఉంటుంది. మొదటి రకంవారికి ఉన్నది ఒక మాట మాత్రమే, ఆ మాట ఇచ్చిన సంస్థ ఉన్నంతకాలమే దానికి బలం.

1956 నాటి ఒప్పందం చెప్పినది

కీళూరులో 1954 అక్టోబరు 18న ప్రజాప్రతినిధులు ఓటు వేశాక, నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం పాలన వాస్తవంగా భారత ప్రభుత్వ చేతికి వచ్చింది. 1956 మే 28న సంతకాలైన అప్పగింత ఒప్పందం ఫ్రాన్సు ఆమోదం పొంది 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. భాష, పౌరసత్వం, విద్యాసంస్థల గురించిన నిబంధనలకు లభించిన ప్రచారం ఈ ఒప్పందంలోని ఉద్యోగుల నిబంధనలకు లభించలేదు. నేటి చర్చకు అవే అన్నింటికన్నా విలువైనవి.

ఆ నిబంధనల ప్రకారం, ఫ్రాన్సు ప్రధాన భూభాగపు సర్వీసుకో, విదేశీ భూభాగాల మంత్రిత్వ శాఖ సాధారణ సర్వీసుకో చెందినవారు తప్ప, స్థానికంగా పనిచేస్తున్న సివిల్ ఉద్యోగులందరినీ భారత ప్రభుత్వం తన కొలువులోకి తీసుకోవాలి. జీతం, సెలవు, పింఛను విషయాల్లో అధికార బదిలీకి ముందు రోజున వారికి ఏ హక్కులున్నాయో అవే హక్కులు, లేదా మారిన పరిస్థితులు అనుమతించినంత మేరకు వాటికి సమానమైన హక్కులు కల్పించాలి. అంతవరకే రాసి ఉంటే అది నేటి చట్టాల్లో కనిపించే సాధారణ హామీ వంటిదే అయ్యేది. ‘మారిన పరిస్థితులు అనుమతించినంత మేరకు’ అన్న మినహాయింపు ఆ హామీని కొంత పలుచన కూడా చేసింది. ఆ వెంటనే వచ్చే భాగం మాత్రం వేరు. ఫ్రాన్సు ప్రధాన బడ్జెట్టు మీద ఆధారపడిన పింఛన్లను, పొందుతున్నవారు భారత పౌరసత్వం స్వీకరించినా సరే, ఫ్రాన్సు ప్రభుత్వమే చెల్లించాలి. స్థానిక బడ్జెట్టు మీద ఆధారపడిన పింఛన్లను, భత్యాలను భారత ప్రభుత్వం చెల్లించాలి. స్థానిక విశ్రాంతి నిధులకు సంబంధించిన పింఛను పద్ధతి యథాతథంగా కొనసాగాలి.

ఈ మూడు వాక్యాల్లో పింఛనుదారుల హక్కుల గురించి గంభీరమైన ప్రకటనలేవీ లేవు. ఏ పింఛను ఏ బడ్జెట్టు నుంచి వస్తున్నదో గుర్తించి, ఆ బడ్జెట్టు బాధ్యత రేపు ఎవరిదో పేరు పెట్టి చెప్పడమే వాటిలో ఉన్నది. పుదుచ్చేరిలో ఫ్రెంచి సైన్యంలోనూ పరిపాలనలోనూ పనిచేసినవారికి, వారి వితంతువులకు ఫ్రాన్సు నుంచి పింఛను దశాబ్దాల పాటు నడిచిందంటే, అందుకు కారణం సౌహార్దం ఒక్కటే కాదు, చెల్లింపుదారు ఎవరో ఒప్పందంలోనే తేలిపోవడం. తరువాతి కాలంలో దేశంలో జరిగిన విలీనాలను, విభజనలను పరిశీలించినప్పుడు, ఎక్కడ ఈ పద్దు స్పష్టంగా రాశారో అక్కడ పింఛను నిలిచిందని, ఎక్కడ హక్కును మాత్రమే ప్రకటించి పద్దును వదిలేశారో అక్కడ పింఛనుదారులు కోర్టుల చుట్టూ తిరిగారని కనిపిస్తుంది. ఈ వ్యాసం సమీక్షిస్తున్న అనుభవాలన్నీ ఏదో ఒక విధంగా ఈ తేడాకే సాక్ష్యం చెబుతాయి.

స్థానిక సంస్థల నేటి అమరిక

ఫ్రెంచివారు 1880లో ప్రవేశపెట్టిన కొమ్యూన్ వ్యవస్థ మీదనే పుదుచ్చేరి స్థానిక పాలన నిలబడింది. 1973 నాటి పురపాలక చట్టం, గ్రామ, కొమ్యూన్ పంచాయతీల చట్టం ఆ నిర్మాణాన్ని భారతీయ రూపంలోకి మార్చాయి. ఇప్పుడు పుదుచ్చేరి, ఉళవర్‌కరై, కారైకాల్, మాహే, యానాం అని అయిదు పురపాలక సంఘాలు, వాటికి తోడు పది కొమ్యూన్ పంచాయతీలు ఉన్నాయి. ఉళవర్‌కరై 1994 వరకు కొమ్యూన్ పంచాయతీగానే ఉండి, ఆ తరువాత పురపాలక సంఘమైంది. పుదుచ్చేరి పట్టణానికి, ఉళవర్‌కరైకి మధ్య ఇవాళ ఇళ్ల వరుసలో ఎక్కడా ఎడం కనిపించదు; రెంటినీ కలిపి ఒక నగరపాలక సంస్థ చేయాలన్న ఆలోచనకు భౌగోళికంగా బలమైన ఆధారమే ఉంది.

అయితే ఉద్యోగుల స్థితి అంత సూటిగా లేదు. ఒకే పట్టణంలో వీధి ఊడ్చే కార్మికుడు పురపాలక సంఘ ఉద్యోగి కాగా, మంచినీటి సరఫరా చూసే సిబ్బంది ప్రభుత్వ ప్రజాపనుల శాఖకు, కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ ప్రభుత్వ విద్యుత్ శాఖకు చెందినవారు. శాఖల ఉద్యోగులకు కేంద్ర సివిల్ సర్వీసుల పింఛను నియమాలు నేరుగా వర్తిస్తాయి, చెల్లింపు ఖజానా నుంచి జరుగుతుంది. స్థానిక సంస్థల ఉద్యోగులకు పింఛను ఆ సంస్థ ఆదాయం, దానికి ప్రభుత్వమిచ్చే గ్రాంటు మీద ఆధారపడి ఉంటుంది. జీతాలు, పింఛన్లు ప్రభుత్వ ఖజానా నుంచే నేరుగా ఇవ్వాలని పురపాలక, కొమ్యూన్ పంచాయతీ ఉద్యోగులు పలుమార్లు సమ్మెకు దిగడం వెనుక ఉన్న అసలు భయం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక సిబ్బంది ఖజానా నుంచి జీతాలిచ్చే ‘010 పద్దు’ కోసం చేసిన పోరాటం కూడా సారాంశంలో ఇటువంటిదే: అడిగింది జీతం పెంచమని కాదు, జీతం వచ్చే తావు మార్చమని.

దీనికి మరో చిక్కు తోడైంది. 2007 డిసెంబరులో పుదుచ్చేరికి ప్రత్యేక ప్రజాఖాతా ఏర్పడి, కేంద్ర ఖాతాతో ఉన్న ముడి విడిపోయింది. ఆ తరువాత పింఛన్ల ఖర్చు పుదుచ్చేరి బడ్జెట్టులోని బరువైన పద్దుల్లో ఒకటిగా మారింది. ఢిల్లీ ప్రభుత్వ ఉద్యోగుల పింఛను భారాన్ని కేంద్రం మోస్తున్నప్పుడు తమ ఉద్యోగులదీ మోయాలన్నది పుదుచ్చేరి నాయకులు కేంద్రం ముందు పెడుతూ వచ్చిన కోరిక. అంటే స్థానిక సంస్థ ఉద్యోగి ఖజానా వైపు చూస్తుంటే, ఆ ఖజానా కేంద్రం వైపు చూస్తున్నది. విలీనం జరిపినా జరపకపోయినా ఈ గొలుసు ఎక్కడ ముగుస్తుందో ముందు తేలాలి.

చట్టం ఇచ్చే అండ, దాని హద్దు

పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు ఆర్జించుకున్న హక్కని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనూ, 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులోనూ స్పష్టంగా చెప్పింది. ఆ రెండో తీర్పు వెలువడిన రోజునే దేశమంతటా పింఛనుదారుల దినోత్సవం జరుపుకుంటున్నారు. 2013లో జార్ఖండ్ ప్రభుత్వానికి సంబంధించిన కేసులో పింఛను రాజ్యాంగంలోని 300ఎ అధికరణం కింద ఆస్తి వంటిదని, చట్టబలం లేకుండా దానిని ఆపడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. విద్యుత్ సంస్థల విషయంలో 2003 విద్యుత్ చట్టంలోని 133వ సెక్షను, బదిలీ అయిన ఉద్యోగుల సేవా నిబంధనలు బదిలీ జరగకపోయి ఉంటే ఎలా ఉండేవో అంతకన్నా ఏ విధంగానూ తక్కువగా ఉండరాదని ఆదేశిస్తుంది.

ఇంత గట్టి మాటలున్నా వివాదాలు ఎందుకు తెగవన్నది న్యాయమైన ప్రశ్న. ఈ తీర్పులు హక్కు ఉన్నదని చెబుతాయి. ఆ హక్కు ఏ తేదీ తరువాతివారికి, ఏ పథకంలోని వారికి వర్తిస్తుందన్న విషయాన్ని ప్రభుత్వ విధానానికి చాలావరకు వదిలేస్తాయి. నకారా తీర్పు ఒకే తరగతి పింఛనుదారులను పదవీ విరమణ తేదీని బట్టి చీల్చరాదన్నది. 1990లో కృషేన కుమార్ కేసులో అదే న్యాయస్థానం, పింఛను తీసుకున్నవారూ భవిష్యనిధి తీసుకున్నవారూ ఒకే తరగతి కారని చెప్పి, రైల్వే భవిష్యనిధి ఎంచుకున్నవారి వాదన తోసిపుచ్చింది. విలీనాల్లో అసలు గొడవ ఈ రెండు తీర్పుల నడుమ ఉన్న సందులోనే జరుగుతుంది: కలిసిన రెండు సంస్థల ఉద్యోగులు ఒకే తరగతా, రెండు తరగతులా? పింఛను భారం ఎవరు మోయాలన్న దానిపై మూడు ధోరణులు వినిపిస్తాయి.

మొదటి ధోరణి: ఖజానాయే పూచీ

ఉద్యోగ సంఘాలలో అధికభాగం నిలబడే పక్షం ఇది. సంస్థ ఎన్ని రూపాలు మార్చినా పింఛను మాత్రం ప్రభుత్వ సంచిత నిధి నుంచే రావాలని వీరు కోరుతారు. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ బీఎస్ఎన్ఎల్‌గా మారినప్పుడు, దానికి కాస్త ముందే కేంద్ర పింఛను నియమాల్లో చేర్చిన 37-ఎ నియమం ఈ ధోరణికి ఆదర్శం. శాఖలో చేసిన సర్వీసును, కంపెనీలో చేసిన సర్వీసును కలిపి లెక్కించి, పింఛనును ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు దానిలో ఉంది. కానీ ఆ ఏర్పాటులోనూ, కంపెనీ నుంచి ప్రభుత్వానికి వచ్చే పన్నులు, లైసెన్సు రుసుము, డివిడెండు మొత్తంలో 60 శాతానికి మించి ప్రభుత్వ భారం ఉండరాదన్న షరతు ఒకటి చేరింది. కంపెనీ ఆదాయం పడిపోయిన కొద్దీ ఆ షరతు ఉద్యోగుల నెత్తిన కత్తిలా మారి, సుదీర్ఘ ఆందోళన తరువాత గానీ తొలగలేదు. పూచీకి పైకప్పు పెడితే అది పూచీ కాదన్న ఉద్యోగ సంఘాల వాదనకు ఈ ఉదాహరణ మంచి బలం ఇస్తుంది.

ఈ ధోరణికి ఎదురుగా వినిపించే అభ్యంతరం కూడా తేలికైనది కాదు. ఖజానా చెల్లించేదంతా ప్రజల పన్ను సొమ్మే. స్థానిక సంస్థలు తమ ఇష్టానుసారం నియామకాలు చేసి, భారాన్ని పైవారి మీదికి నెట్టడానికి అది దారి తీయవచ్చు. అందుకే ప్రభుత్వాలు సంస్థను కలుపుకొనేటప్పుడు ‘సేవలు కలుపుకొంటాం, పింఛను పథకం మాత్రం ఇప్పుడున్నదే’ అన్న మధ్యేమార్గం పడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఇందుకు నిదర్శనం. 2019 చట్టం ద్వారా 2020 జనవరి 1 నుంచి యాభై వేలకు పైగా ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ పేరిట ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అయినా పాత పింఛను వారికి దక్కలేదు, భవిష్యనిధి పింఛనే కొనసాగింది.

ఆ తేడా ఎంతటిదో ఒక్క లెక్కతో అర్థమవుతుంది. ఉద్యోగుల భవిష్యనిధికి అనుబంధమైన 1995 నాటి పింఛను పథకంలో, ఎక్కువ వేతనంపై పింఛనుకు ఐచ్ఛికం ఇచ్చినవారిని మినహాయిస్తే, లెక్కలోకి వచ్చే వేతనం 15,000 రూపాయలకు మించదు. దానిని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తారు. సర్వీసు 35 ఏళ్లుగా లెక్కకట్టినా నెలకు వచ్చేది 7,500 రూపాయలే, దాని మీద కరువు భత్యం ఉండదు. అదే డిపోలో పనిచేసిన మనిషి చివరి మూల వేతనం 60,000 రూపాయలై, పాత పింఛను వర్తించి ఉంటే, నెలకు 30,000 రూపాయలతో పాటు ధరలను బట్టి పెరిగే కరువు భత్యం వచ్చేది. విలీనం వల్ల ఉద్యోగ భద్రత వచ్చిందన్నది నిజం, దానిని చిన్నచూపు చూడరాదు; కానీ ‘విలీనం’ అన్న మాట వినగానే డ్రైవర్లు, కండక్టర్లు ఆశించిన దానిలో పెద్ద భాగం ఈ రెండు అంకెల మధ్యనే మిగిలిపోయింది.

రెండో ధోరణి: విడిగా ట్రస్టు

సంస్థ మారే రోజున అప్పటివరకు పేరుకుపోయిన పింఛను బాకీని లెక్కకట్టించి, ఆ మొత్తాన్ని సంస్థతో సంబంధం లేని ట్రస్టుకు అప్పగించి, అక్కడి నుంచి చెల్లింపులు జరపాలన్నది ఈ పక్షం. భవిష్యత్తులో రాబోయే చెల్లింపులను ఆయుర్దాయం, వడ్డీ, జీతాల పెరుగుదల అంచనాలతో నేటి విలువకు మార్చి చెప్పే లెక్కను బీమా గణితం అంటారు. ట్రస్టు పద్ధతి మంచి చెడ్డలన్నీ ఆ లెక్క నిజాయితీ మీద ఆధారపడతాయి.

తెలుగువారికి దీనిలో సుదీర్ఘ అనుభవం ఉంది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999 ఫిబ్రవరి 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలినప్పుడు, అంతకుముందు చేరినవారి పింఛను కోసం మాస్టర్ ట్రస్టు ఏర్పరచి, దానికి జెన్‌కో బాండ్లు ఇచ్చింది. చెల్లింపులు ఆగకుండా సాగాయి, ఇది ఆ ఏర్పాటుకు దక్కవలసిన మెప్పు. కానీ బాండ్ల మీద వచ్చే నిర్ణీత వడ్డీ పింఛన్లకు చాలనప్పుడు పడే లోటు ‘పింఛను బాండ్ల మీద అదనపు వడ్డీ’ అన్న పేరుతో విద్యుత్ చార్జీల లెక్కలోకి చేరుతూ వచ్చింది. అంటే సంస్కరణ నాటి బాకీని తరువాతి తరం వినియోగదారు కరెంటు బిల్లులో తీరుస్తున్నాడు. ఢిల్లీలో 2002లో విద్యుత్ బోర్డును విడదీసినప్పుడు ఏర్పడిన పింఛను ట్రస్టు కథ కూడా ఇదే: ఆదిలో వేసిన సొమ్ము చాలక, బిల్లుల మీద పింఛను సర్‌చార్జీ పడింది.

ట్రస్టు పద్ధతిలో మరో లోపం తేదీ గీత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్థల్లో 1999 ఫిబ్రవరి 1 నుంచి 2004 ఆగస్టు 31 మధ్య చేరినవారు ట్రస్టు గీతకు అవతల, సీపీఎస్ తేదీకి ఇవతల పడ్డారు. అదే కాలంలో ప్రభుత్వ శాఖల్లో చేరినవారికి పాత పింఛను రాగా, వీరికి భవిష్యనిధి మాత్రమే మిగిలింది. తమకూ పాత పింఛను (జీపీఎఫ్ పింఛను) కావాలన్న వీరి ఆందోళన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొనసాగుతూనే ఉంది. ఒకే సబ్‌స్టేషనులో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు 1999 జనవరిలో, మరొకరు అదే ఏడాది మార్చిలో చేరినందుకు జీవిత చరమాంకం ఇంత వేరుగా ఉండడం ఏ న్యాయసూత్రానికీ నిలవదు.

మూడో ధోరణి: మనిషి వెంట నడిచే ఖాతా

పింఛను సంస్థకు కాక మనిషికి కట్టి ఉండాలన్నది మూడో పక్షం. జాతీయ పింఛను పథకంలో ప్రతి ఉద్యోగికీ ఒక శాశ్వత సంఖ్య ఉంటుంది. సంస్థలు కలిసినా విడిపోయినా ఖాతా చెదరదు. విలీన సమస్యకు మాత్రమే చూస్తే ఇంతకన్నా తేలిక పరిష్కారం లేదు. అయితే వచ్చే పింఛను ఎంతన్నది ఖాయం కాకపోవడం దీని మౌలిక బలహీనత. 2023లో ఆంధ్రప్రదేశ్ హామీ పింఛను చట్టం చేయడం, 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఏకీకృత పింఛను పథకాన్ని అమలులోకి తెచ్చి, 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగానికి హామీ ఇవ్వడం ఈ బలహీనతను అంగీకరించినట్టే. హామీ తిరిగి వచ్చిందంటే హామీదారు ఎవరన్న పాత ప్రశ్నా తిరిగి వచ్చినట్టే. పురపాలక ఉద్యోగి విషయంలో ఆ హామీని సంఘం ఇస్తుందా, ప్రభుత్వం ఇస్తుందా అన్నది మళ్లీ మొదటికే చేరుతుంది.

క్లుప్తంగా పోల్చి చెబితే, ఖజానా పద్ధతి పింఛనుదారుకు అత్యధిక రక్షణనిచ్చి ప్రభుత్వానికి అత్యధిక భారం మోపుతుంది. ట్రస్టు పద్ధతి ఆదిలో సరిపడా సొమ్ము వేస్తేనే నిలుస్తుంది, వేయకపోతే లోటు వినియోగదారు మీదకో పన్ను చెల్లింపుదారు మీదకో జారుతుంది. వ్యక్తిగత ఖాతా విలీనాన్ని సులభం చేస్తుంది గానీ వృద్ధాప్య భద్రతను సగంలో వదిలేస్తుంది.

ఢిల్లీ పాఠం, ఇతర అనుభవాలు

పురపాలక సంస్థల విషయంలో దేశంలోని అత్యంత ప్రత్యక్ష ఉదాహరణ ఢిల్లీదే. 2012లో ఢిల్లీ నగరపాలక సంస్థను ఉత్తర, దక్షిణ, తూర్పు సంస్థలుగా మూడు ముక్కలు చేశారు. ఆదాయం వచ్చే ప్రాంతాలు ఎక్కువగా దక్షిణానికి పోగా, సిబ్బంది, పింఛనుదారుల భారం ఉత్తర, తూర్పు సంస్థలను కుంగదీసింది. పారిశుద్ధ్య కార్మికులు, ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు నెలల తరబడి జీతం, పింఛను లేక ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, సొమ్ము లేదన్న సాకు చెల్లదని న్యాయస్థానం గట్టిగా చెప్పవలసి వచ్చింది. 2022 మే 22న మూడింటినీ మళ్లీ ఒకటి చేశారు. అయినా బకాయిల వ్యాజ్యాలు ఆ తరువాతా ఆగలేదు. అప్పులపాలైన రెండు సంస్థలను కాస్త మెరుగైన సంస్థతో కలిపినంత మాత్రాన పాత బాకీ మాయం కాదని, దానికి విడిగా సొమ్ము కేటాయించాలని ఈ పదేళ్ల ప్రయోగం చూపింది.

హైదరాబాదులో 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు, ఆర్థికంగా బలమైన పెద్ద సంస్థ చిన్నవాటిని కలుపుకొన్నది కనుక చెల్లింపుల సంక్షోభం ఆ స్థాయిలో రాలేదు. అటువంటి విలీనాల్లో నలిగిపోయేది వేరొక వర్గం: పంచాయతీలో రోజుకూలీ మీదో, కాంట్రాక్టు మీదో ఏళ్ల తరబడి పనిచేసి, సర్వీసు లెక్కకు దొరకనివారు. రాష్ట్ర విభజనప్పుడు మాత్రం 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం ఎనిమిదో షెడ్యూలులో పింఛను భారం పంపకాన్ని విడిగా రాసి, 58.32, 41.68 శాతాల జనాభా నిష్పత్తిని ఆధారం చేసింది. అందువల్లనే రెండు రాష్ట్రాల మధ్య ఎన్ని తగాదాలున్నా సాధారణ ప్రభుత్వ పింఛనుదారు ఒకటో తేదీ పింఛను ఆగలేదు. ఆ స్పష్టత లోపించిన విద్యుత్ సంస్థల్లో 1,157 మంది ఉద్యోగుల పంపకం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

విదేశాల్లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం వేరొక దారి చూపింది. అక్కడ 1962లోనే పురపాలక ఉద్యోగులందరికీ ఉమ్మడి పింఛను నిధి ఏర్పడింది కనుక, 1998లో టొరంటో ప్రాంతపు నగరాలన్నీ ఒకటైనప్పుడు అధికాంశం సిబ్బందికి పింఛను పథకం మారే పనే పడలేదు. అమెరికాలోని డెట్రాయిట్ 2013లో దివాలా ప్రకటించగా, మరుసటి ఏడాది అంగీకరించిన పరిష్కారంలో సాధారణ పురపాలక విశ్రాంత ఉద్యోగుల పింఛను 4.5 శాతం తగ్గింది, ధరల పెరుగుదలకు ఇచ్చే హెచ్చింపు పోయింది. ఒక్క నగరం ఆదాయాన్నే నమ్ముకున్న పింఛనుకు, అనేక సంస్థలు కలిసి మోసే పింఛనుకు మధ్య ఉన్న తేడా ఈ రెండు ఉదాహరణల్లో తేటతెల్లం.

విద్యుత్ శాఖ వివాదం

కేంద్రపాలిత ప్రాంతాల విద్యుత్ పంపిణీని ప్రైవేటుకు అప్పగిస్తామని 2020 మేలో కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించినప్పటి నుంచి పుదుచ్చేరిలో ఈ చర్చ వీధికెక్కింది. 2022 సెప్టెంబరు చివర టెండరు వెలువడగానే విద్యుత్ శాఖ సిబ్బంది సమ్మెకు దిగారు, వివాదం మద్రాసు హైకోర్టుకు చేరింది. ప్రైవేటీకరణ మంచిదా చెడ్డదా అన్నది ఈ సమీక్ష పరిధిలోనిది కాదు. పింఛను కోణంలో ఉద్యోగుల ప్రశ్న సూటిగా ఉంది: కేంద్ర పింఛను నియమాల కింద చేరిన శాఖ ఉద్యోగి కంపెనీకి బదిలీ అయ్యాక, చట్టం చెప్పే ‘తక్కువ కాని నిబంధనలు’ ఉంటాయి సరే, 2040లో ఆ పింఛను చెక్కు మీద సంతకం ఎవరిది? ట్రస్టే మార్గమైతే, మొదటి రోజున దానిలో పడే సొమ్ము ఎంత, లోటు పడితే పూడ్చేది పుదుచ్చేరి ప్రభుత్వమా, వినియోగదారా? ఆంధ్ర, ఢిల్లీ ట్రస్టుల అనుభవం కళ్ల ముందుండగా ఈ ప్రశ్న అడగడాన్ని మొండితనం అనడం అన్యాయం.

ఇంకా తేలనివి

మొదటిది తేదీ గీత. విలీనానికి ముందూ తరువాతా చేరినవారి మధ్య భేదం ఎంతవరకు సమంజసమో కోర్టులు ఒకే మాట చెప్పలేదు. రెండోది సర్వీసు లెక్క, ఇది కంటికి చిన్నదిగా కనిపించినా ఎక్కువమందిని ముంచేది. ఉళవర్‌కరై వంటి చోట కొమ్యూన్ పంచాయతీ కాలంలో రోజుకూలీగా చేరి, తరువాత పర్మినెంటు అయి, ఆ తరువాత పురపాలక ఉద్యోగి అయిన పారిశుద్ధ్య కార్మికుడి సర్వీసు బుక్కును ఊహించుకుంటే, మొదటి పేజీలలో కూలీ కాలానికి నమోదే ఉండకపోవచ్చు, పర్మినెంటు చేసిన ఉత్తర్వు నకలు పాత కార్యాలయంలో ఉండిపోయి ఉండవచ్చు, సంస్థ స్థాయి మారిన ఏడాది జీత నిర్ణయం మీద సంతకం లేకపోవచ్చు. పింఛనుకు కనీసం పదేళ్ల అర్హ సర్వీసు కావాలి. ఈ ఖాళీలలో ఒక్కటి పూరించలేకపోయినా కుటుంబ పింఛను దాకా అన్నీ ఆగుతాయి. 18 ఏళ్ల సర్వీసు నిండినప్పుడూ, విరమణకు అయిదేళ్ల ముందూ సర్వీసును సరిచూసి ధ్రువీకరించాలని కేంద్ర నియమాలు చెబుతున్నాయి. ఆ పనిని విలీనానికి ముందే, కలవబోయే ప్రతి ఉద్యోగికీ పూర్తి చేయాలన్న నియమం ఎక్కడా లేదు, ఉండవలసింది.

మూడోది ప్రాతినిధ్యం. పుదుచ్చేరిలో 38 ఏళ్ల తరువాత 2006లో జరిగిన స్థానిక ఎన్నికల ద్వారా ఏర్పడిన పాలకవర్గాల గడువు 2011లో ముగిశాక, పురపాలక సంఘాలు అధికారుల పాలనలోనే నడుస్తూ వచ్చాయి. ఉద్యోగుల తరఫున గానీ పన్ను చెల్లించే పౌరుల తరఫున గానీ విలీన షరతులను చర్చించి తీర్మానించే సభ లేనప్పుడు, ఇచ్చిన హామీకి రాజకీయ బాధ్యత ఎవరిదన్నది కూడా గాలిలోనే ఉంటుంది.

మూడు ధోరణుల్లో ఏదో ఒకటి సంపూర్ణంగా సరైనదని చెప్పడానికి ఆధారం లేదు. అయితే, 2004కు ముందు చేరినవారికీ ఇప్పటికే విరమించినవారికీ ఖజానా పూచీ తప్ప మరేదీ న్యాయం కాదని, తరువాతివారికి కేంద్రపాలిత ప్రాంతంలోని అయిదు పురపాలక సంఘాలు, పది కొమ్యూన్ పంచాయతీలు కలిసి మోసే ఒక ఉమ్మడి నిధి విడి నిధుల కన్నా మేలని ఇప్పటి అనుభవం సూచిస్తుంది. విలీన ముసాయిదా ఏది వచ్చినా, ఉద్యోగ సంఘాలు మొదట వెతకవలసింది అందులోని హామీ వాక్యాన్ని కాదు, చెల్లింపు పద్దు సంఖ్యను. 1956లో రెండు దేశాలు ఒప్పందంలో రాసుకోగలిగిన ఆ మూడు వాక్యాలను, పక్కపక్కనే ఉన్న రెండు పురపాలక సంఘాలను కలిపే చట్టంలో రాయడం పుదుచ్చేరి ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు. ఆ వాక్యాలు లేని ముసాయిదాను శాసనసభ ఆమోదించకూడదు.